రూమ్‌లో వండుకునేవాళ్లకి ఏ కాలంలో ఏ ఆకుకూర నయం?

క్లాసు అయిపోయి రూమ్‌కి నడుచుకుంటూ వస్తుంటే మలుపు దగ్గర బండి మీద తోటకూర కనిపిస్తుంది. నీళ్లు చల్లి పెడతారు కాబట్టి నిగనిగలాడుతూ ఉంటుంది. ఉత్సాహం కొద్దీ మూడు కట్టలు కొంటాం. రూమ్‌లో పేపరు పరిచి, వేళ్లు తెంపి, ముదురు కాడలు ఏరి, మట్టి పోయేదాకా కడిగేసరికి ఎనిమిదవుతుంది. ఒక కట్ట ఎలాగో వండి, మిగతా రెండూ అదే కవర్లో చుట్టి మూల పెడతాం. మూడోరోజు కవరు విప్పితే లోపల నల్లటి నీరు, వాసన. ఇక ఆ తర్వాత రెండు వారాలు గుడ్డు, బంగాళాదుంప, మళ్లీ గుడ్డు.

హైదరాబాద్‌లో చదువుకోడానికి వచ్చిన మొదటి నెల నా కథ ఇదే. నాలుగేళ్లు ఇంకొకడితో కలిసి ఒక గదిలో వండుకున్నాను. ఒంటి బర్నర్ స్టవ్, అయిదు కిలోల చిన్న సిలిండర్, మూడు లీటర్ల కుక్కర్, ఒక మూకుడు. ఫ్రిజ్ రెండో ఏడాది చివర్లో, అదీ సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. ఈ సరంజామాతో వండేవాళ్లు "ఏ కూరలో ఏ విటమిన్ ఉంది" అని చూసి కొంటే వంట వారం కూడా సాగదు. ఆకుకూరలన్నీ ఒంటికి మంచివే. తేడా అంతా రెండు విషయాల్లో ఉంటుంది: వలవడానికి ఎంతసేపు పడుతుంది, కొన్నాక ఎన్ని రోజులు ఆగుతుంది. ఇందులో నేను చేసే పోలిక అంతా ఈ రెండింటి మీదే.

ముందు వలిచే పని

వంట వీడియోల్లో పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి చూపిస్తారు. ఆకుకూరకి అసలు పని అంతకుముందే ఉంటుంది. పాలకూర, చుక్కకూర అయితే వేళ్లు కోసేసి, కట్ట మొత్తాన్ని కాడలతో సహా తరిగేయొచ్చు. కడగడంతో కలిపి పదినిమిషాలు. బచ్చలి ఇంకా సుఖం, ఆకు అరచేయంత ఉంటుంది, పది పదిహేను ఆకులు తెంపితే ఇద్దరికి పప్పులోకి సరిపోతుంది. లేత కాడలు కూడా ఉడికిపోతాయి.

తోటకూర మధ్యరకం. లేతదైతే కాడతో తరగొచ్చు, ముదిరితే కాడకి పీచు తియ్యాలి. గోంగూర ఆకు ఆకూ తెంపాల్సిందే, కానీ ఆకు పెద్దది, చేతికి అలవాటైతే ఫోన్ మాట్లాడుతూ కూడా కట్ట తెంపేస్తాం.

మెంతికూర, పొన్నగంటి, మునగాకు మాత్రం ఆదివారం కూరలు. వారం మధ్యలో వీటి జోలికి వెళ్లొద్దు. మెంతికూర నాలుగు కట్టలు వలిస్తే గుప్పెడు ఆకు తేలుతుంది. మునగాకుకి ఒక ఉపాయం ఉంది: రెమ్మల్ని రాత్రి పలచటి గుడ్డలో మూటకట్టి పడేస్తే పొద్దునకి చాలా ఆకులు వాటంతటవే రాలిపోతాయి. మూట దులిపితే సగం పని అయిపోయినట్టే. ఇది మా పక్క గదిలో ఉండే ఒక పెద్దావిడ చెప్పేదాకా మేం ఒక్కో ఆకూ గిల్లుతూ కూర్చున్నాం.

పులుపు కూరలతో మొదలుపెట్టండి

కొత్తగా వండేవాళ్లకి మొదట ఏ ఆకుకూర అని అడిగితే చాలామంది పాలకూర అంటారు. నేను చుక్కకూర అంటాను. పాలకూరకి సొంత రుచి తక్కువ. ఉప్పు, కారం, పులుపు, తాలింపు అన్నీ సరిగ్గా పడితేనే అది కూరలా ఉంటుంది. వంట రానివాడికి అన్నీ సరిగ్గా పడటం కష్టం. చుక్కకూర అలా కాదు, పులుపు దానిలోనే ఉంది. చింతపండు నానబెట్టే పని లేదు, పిసికే పని లేదు, ఎంత వెయ్యాలో అన్న టెన్షన్ లేదు. పెసరపప్పు ఉడికాక తరిగిన చుక్కకూర, చీల్చిన పచ్చిమిర్చి వేస్తే అయిదు నిమిషాల్లో ఆకు కాడతో సహా కరిగి పప్పులో కలిసిపోతుంది. ఉప్పు వేసి, వెల్లుల్లి దంచి తాలింపు పెడితే సరి. మొదటిసారి చేసినవాడికి కూడా పాడవదు.

గోంగూర రుచిలో చుక్కకూర కంటే ఒక మెట్టు పైనే. పని కూడా ఒక మెట్టు ఎక్కువే. కొనేటప్పుడు కాడ రంగు చూడండి. ఎర్రకాడ గోంగూర పులుపు ఎక్కువ, పచ్చడికి అదే సరి. తెల్లగోంగూర అనేది, అంటే ఆకుపచ్చ కాడది, కాస్త తక్కువ పులుపు, పప్పులోకీ మాంసంలోకీ బాగుంటుంది. రెండూ ఒకటే అనుకుని ఎర్రదాన్ని పప్పులో కట్ట మొత్తం వేసి, పళ్లు పులిసిపోయి, పంచదార కలుపుకుని తిన్న రోజులున్నాయి.

గోంగూరకి ఉన్న పెద్ద లాభం నిలవ. ఫ్రిజ్ లేని గదికి ఇంతకంటే మంచి కూర లేదు. కానీ పచ్చడి నిలవుండాలంటే ఒక్క నియమం: ఎక్కడా తడి ఉండకూడదు. నేను చేసే పద్ధతి ఇది. రాత్రి ఆకు తెంపి, కడిగి, శుభ్రమైన లుంగీ మీద పరిచి ఫ్యాన్ కింద వదిలేస్తాను. పొద్దునకి ఆకు మీద చుక్క నీరుండదు. మూకుట్లో నూనె వేసి ఎండుమిర్చి, ధనియాలు, కొన్ని మెంతులు, ఆవాలు వేయించి తీసేసి, అదే మూకుట్లో ఇంకాస్త నూనె వేసి గోంగూర వెయ్యాలి. నీళ్లు పొయ్యకూడదు. గిన్నె నిండా ఉన్న ఆకు నాలుగైదు నిమిషాల్లో గుప్పెడు ముద్దవుతుంది, పచ్చ రంగు పోయి ఖాకీలోకి తిరుగుతుంది. ఇంకో నాలుగు నిమిషాలు మగ్గనిచ్చి, అంచుల్లో నూనె తేలాక దించాలి. చల్లారాక మిర్చి పొడి, ఉప్పు కలిపి నూరుకుని, వెల్లుల్లి తాలింపు వెయ్యాలి. ఉల్లిపాయ పచ్చడిలో కలపొద్దు, తినేటప్పుడు నంజుకోండి. ఉల్లిపాయ తడికే పచ్చడి ముందు పాడవుతుంది. ఇలా చేస్తే చలికాలంలో బయట మూడు నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో పది రోజులు ఢోకా లేదు. తడి గరిట పెట్టిన రూమ్మేట్ ఉంటే మాత్రం నా పూచీ లేదు.

ఇంకొకటి, పులుపు కూరలేవీ అల్యూమినియం గిన్నెలో వండొద్దు. మేం తెలియక ఒకసారి వండాం. పచ్చడికి నాణెం నాలిక మీద పెట్టుకున్నట్టు ఒక రుచి వచ్చింది. రెండేళ్లుగా నల్లగా ఉన్న గిన్నె మాత్రం లోపల కొత్తదానిలా తళతళలాడింది. పులుపు ఆ లోహాన్ని తినేసిందన్నమాట, దాన్ని మేం తిన్నాం. స్టీలు గిన్నె వాడండి.

ఇదే కోవలో ఇంకా రెండున్నాయి. చింతచిగురు వేసవిలో, మార్చి నుంచి మే దాకా వస్తుంది. ధర ఎక్కువే, ఈనెలు ఏరడం ఓపికతో కూడిన పని, కానీ కొంచెంతోనే పప్పు మొత్తం పుల్లగా అవుతుంది. అరచేతుల మధ్య నలిపి వేస్తే ఈనెలు విడిపోతాయి. గంగవాయిలి కూర, కొన్నిచోట్ల గంగపాయల కూర అంటారు, ఇది కూడా వేసవిదే. చిన్న కండగల ఆకు, పులుపూ ఉప్పదనమూ కలిసిన రుచి. మార్కెట్లో కనిపిస్తే వదలొద్దు. అయితే నేల మీద పాకే మొక్క కాబట్టి మట్టి ఎక్కువ, కడిగే ఓపిక ఉన్నరోజే కొనండి.

పాలకూరా, తోటకూరా?

ఈ రెండూ ఏడాది పొడుగునా దొరుకుతాయి కాబట్టి పోటీ వీటి మధ్యే. పాలకూర మూడు నాలుగు నిమిషాల్లో ఉడుకుతుంది, తోటకూరకి ఎనిమిది పది కావాలి. గ్యాస్ లెక్కన పాలకూరదే పైచేయి. కానీ పాలకూర నీరు వదులుతుంది, వేపుడు చేద్దామంటే ముద్దవుతుంది. తోటకూర మూత తీసి వేయిస్తే పొడిపొడిగా వస్తుంది, చివర్లో పల్లీల పొడో నువ్వుల పొడో చల్లితే అన్నంలోకీ చపాతీలోకీ పనికొస్తుంది. పైగా ముదురు తోటకూర కాడల్ని పీచు తీసి ముక్కలు చేసి పులుసు పెట్టుకోవచ్చు. ఒక కట్టతో రెండు పూటలు. నేనైతే తోటకూర వైపే.

రెండింటికీ వర్తించే మాట ఒకటుంది, అది మా అమ్మ ఫోన్‌లో తిట్టి మరీ నేర్పింది. నేను మూకుడు నిండా ఉన్న పచ్చి ఆకుని చూసి రెండు చెంచాల ఉప్పు వేశాను. అది అణిగి అరకప్పు అయింది, ఉప్పు మాత్రం అణగలేదు. "ఒరేయ్, కుప్పని చూసి ఉప్పెయ్యకురా, కూర అణిగాక చూసి వెయ్యి" అంది. ఆకుకూర వంటలో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం ఇదే.

కొనేటప్పుడు కూడా ఈ అణగడం గుర్తుపెట్టుకోవాలి. చేతికి పెద్దగా కనిపించే పాలకూర కట్ట ఒకటి ఇద్దరికి వేపుడుకి చాలదు, పప్పులోకి అయితే చాలు. అందుకే చేతిలో డబ్బులు తక్కువున్న రోజుల్లో వేపుడు మానేసి పప్పు వండుకోవడం తెలివైన పని.

ఆరోగ్యం ఊసు ఎత్తనన్నాను గానీ, రెండు ముక్కలు చెప్పాలి. పాలకూర, తోటకూర, బచ్చలి వీటన్నిట్లో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర రోజూ తినేముందు డాక్టర్ని అడగాలి. రెండోది, ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. తినేముందు నిమ్మకాయ పిండుకుంటే చాలు. అన్నం తినగానే టీ తాగే అలవాటు దీనికి సరిగ్గా ఎదురు, టీ ఆ ఐరన్‌ని సరిగ్గా పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

నెల చూసి కొనాలి

"ఇప్పుడన్నీ అన్ని కాలాల్లో దొరుకుతున్నాయి కదా" అంటారు. దొరుకుతాయి, కానీ ఒకలా ఉండవు. మే నెలలో కొన్న పాలకూర పొద్దున తెస్తే సాయంత్రానికి వడలిపోతుంది, ఆకు చిన్నది, డబ్బులు ఎక్కువ. అదే కట్ట డిసెంబర్‌లో ఆకు వెడల్పుగా, లేతగా, ఫ్రిజ్ లేకపోయినా రెండు రోజులు ఆగుతుంది.

చలికాలం, అంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పాలకూర, మెంతికూర, చుక్కకూర, కొత్తిమీర రోజులు. కొత్తిమీర ఎప్పుడూ కూర మీద చల్లుకునేదే అనుకుంటాం గానీ, చలికాలంలో చవగ్గా ఉన్నప్పుడు పెద్ద కట్ట తెచ్చి పచ్చడి చేసుకుంటే నాలుగు రోజులు ఇడ్లీ నుంచి అన్నం దాకా అన్నిట్లోకీ వస్తుంది. మెంతికూర చేదని భయపడేవాళ్లు ఆకుని ముందు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, తర్వాత పప్పులో కలపండి, చేదు చాలావరకు తగ్గుతుంది. గోంగూర ఈ కాలం మొదట్లో పూతకీ కాయకీ వస్తుంది, ఆకు ముదురుగా ఉంటుంది. మానేసినా నష్టం లేదు.

వేసవిలో తోటకూర, బచ్చలి, గంగవాయిలి, చింతచిగురు. ఎండకి తట్టుకునే కూరలివి. ఏప్రిల్, మే నెలల్లో ఎంత లేత ఆకైనా మధ్యాహ్నం కొనొద్దు. ఏడింటిలోపు వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే కాయగూరలతో సరిపెట్టుకోండి. వండిన ఆకుకూర పప్పు కూడా ఈ కాలంలో రాత్రిది పొద్దునకి పులిసిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే ఒక్క పూటకే వండాలి.

వానాకాలం అన్నిటికంటే గొడవ. ఆకుకూర బాగా వస్తుంది, మట్టీ పురుగులూ కూడా బాగా వస్తాయి. గోంగూర లేతగా ఉండే రోజులివి. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దవాళ్లు అంటారు, ఆ నెలలో ఒక ఆదివారం దానికి కేటాయించొచ్చు. కడిగే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. మేం మొదట్లో ఆకుని గిన్నెలో వేసి, నీళ్లు పోసి, కదిపి, గిన్నె వంచేసేవాళ్లం. అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదకే వచ్చేది. పప్పు తింటుంటే పళ్ల కింద కరకర. ఆకుని నీళ్లలోంచి చేత్తో ఎత్తి ఇంకో గిన్నెలోకి తియ్యాలి, తర్వాత ఆ నీళ్లు పారబొయ్యాలి. ఇలా మూడుసార్లు. మూడోసారి అడుగున మట్టి కనిపించకపోతే సరి, కనిపిస్తే నాలుగోసారి. పురుగుల అనుమానం ఉంటే ముందు ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తరిగాక కడగొద్దు, కడిగాకే తరగాలి.

రైతు బజార్ దగ్గర్లో ఉంటే అక్కడే కొనడం మంచిది. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లలో ఆరోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్లని బేరంలో మోసం చేసే అవకాశం తక్కువ. ఎర్రగడ్డలోనో మెహిదీపట్నంలోనో ఒకసారి తిరిగితే ఏ కాలంలో ఏది పోగులు పడుతుందో కళ్లకే తెలుస్తుంది. ఎక్కువ బల్లల మీద ఏ కూర ఉంటే ఆ కూర కాలం అది. క్యాలెండర్ కంటే నమ్మకమైన లెక్క.

కాయల సంగతి

వారమంతా ఆకుకూరలతో గడవదు, గడపాల్సిన అవసరమూ లేదు. నేను సోమ, మంగళవారాలు ఎక్కువగా ఆకుకూర, బుధవారం నుంచి కాయ అని పెట్టుకున్నాను. కూరలు కొనేది ఆదివారం కాబట్టి ముందు వాడిపోయేవి ముందు, ఆగేవి తర్వాత.

అన్నిట్లోకీ విద్యార్థికి పనికొచ్చే కాయ బీరకాయ. చెక్కు తీసి ముక్కలు మూకుట్లో వేస్తే నీళ్లు పొయ్యకుండానే పది నిమిషాల్లో మగ్గుతుంది. తీసిన చెక్కు పారెయ్యొద్దు, నూనెలో వేయించి, పచ్చిమిర్చి, కాస్త చింతపండు, వేయించిన నువ్వులు వేసి నూరితే బీరపొట్టు పచ్చడి. అరకిలో కాయలతో కూరా పచ్చడీ రెండూ వచ్చాయి. ఒక్కటే జాగ్రత్త, తరిగేముందు ప్రతి కాయ చివర ముక్క నాలికకి తాకించి చూడండి. ఒక చేదు కాయ కలిస్తే మూకుడు మొత్తం చేదే. బీరకాయ రెండు మూడు రోజులకి మించి ఉంచితే పీచు కడుతుంది.

సొరకాయ, కొన్ని జిల్లాల్లో ఆనపకాయ, కొయ్యకుండా ఉంచితే వారం ఆగుతుంది. కోస్తే మాత్రం రెండు రోజుల్లో వాడాలి. ఒక్కడే ఉంటే పెద్ద కాయ కొనొద్దు, మూడు రోజులు అదే తినాల్సి వస్తుంది.

బెండకాయ, దొండకాయ మధ్య ఎప్పుడూ వాదనే. రుచికి మా గదిలో ఓట్లన్నీ దొండకాయ వేపుడుకే. కానీ అది అరగంట పొయ్యి మీద ఉంటుంది, చిన్న సిలిండర్ ఉన్నవాడికి అది ఖరీదైన కూర. బెండకాయ పావుగంటలో అయిపోతుంది. దొండ నాలుగైదు రోజులు ఆగుతుంది, బెండ రెండో రోజుకే ముదిరి గట్టిపడుతుంది, తడి తగిలితే జిగురు. కాబట్టి కొన్న మర్నాడు బెండకాయ, వారం చివర్లో తీరిక ఉన్నప్పుడు దొండకాయ. బెండకాయని కడిగి తుడిచి, పూర్తిగా ఆరాకే తరగండి, మూత పెట్టకుండా వేయించండి.

చిక్కుడు చలికాలంలోనే తినాలి, మిగతా రోజుల్లో ఆ రుచి ఉండదు. ఈనె తియ్యడం పనే, అయినా సంక్రాంతి రోజుల్లో గింజ పట్టిన చిక్కుడుకాయ కోసం ఆ పని చేయొచ్చు. గోరుచిక్కుడు విడిగా ఉడికించి మళ్లీ వేయించాలి, రెండు గిన్నెల పని. నేను నాలుగేళ్లలో మూడుసార్లు వండానేమో. కాకరకాయ గురించి చెప్పను, ఇష్టమున్నవాడు ఎలాగూ వండుకుంటాడు.

ఏ పప్పు వెయ్యాలి

కందిపప్పు రుచి వేరు, కాదనను. దానికి కుక్కర్ కావాలి, మూడు నాలుగు విజిల్స్ కావాలి. పెసరపప్పు మామూలు గిన్నెలో పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. పాలకూర, తోటకూర, బచ్చలి ఏ పప్పుతోనైనా మొదట్నుంచీ కలిపి ఉడికించొచ్చు. గోంగూర, చింతచిగురు, చుక్కకూర మాత్రం పప్పు ఉడికాకే వెయ్యాలి. పులుపు తగిలితే పప్పు త్వరగా ఉడకదు, ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కర్‌లో అన్నీ ఒకేసారి వేసి ఆరు విజిల్స్ పెట్టి నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు, అది గ్యాస్ దండగ. అంతకంటే పప్పు గిన్నె కింద, ఆకు గిన్నె పైన పెట్టి, రెండూ వేరుగా ఉడికించి తర్వాత కలుపుకోండి.

మీ గదిని బట్టి

ఫ్రిజ్ లేదు, మార్కెట్‌కి వారానికి ఒక్కసారే వెళ్లగలరు అంటే: గోంగూర రెండు కట్టలు పచ్చడికి, ఒక కట్ట తోటకూర కొన్న రాత్రికే, దొండకాయలు, ఒక చిన్న సొరకాయ. ఆకుకూర కట్టని మర్నాటి దాకా ఆపాలంటే వేళ్లు తెంపకుండా, గ్లాసు నీళ్లలో నిలబెట్టండి, పైన తడిగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టడమే దాన్ని చంపేది.

ఫ్రిజ్ ఉంటే: కడగకుండా, పాడైన ఆకులు ఏరేసి, పేపర్లో చుట్టి కవర్లో పెట్టండి. పాలకూర రెండు మూడు రోజులు, గోంగూర నాలుగు రోజులు బాగుంటాయి. కరివేపాకు రెమ్మ నుంచి దూసి, తడి లేకుండా డబ్బాలో వేస్తే రెండు వారాలు. కడిగి పెడదామన్న శుభ్రత ఇక్కడ పనికిరాదు, తడితోనే కుళ్లుతుంది.

పరీక్షల వారం: కొత్త కూరలు ప్రయత్నించొద్దు. ముందు ఆదివారమే గోంగూర పచ్చడి చేసి పెట్టుకోండి. రోజూ అన్నం, పచ్చడి, పెరుగు, మధ్యలో రెండు రోజులు చుక్కకూర పప్పు.

మధ్యాహ్నం బాక్స్ తీసుకెళ్లేవాళ్లు: పాలకూర వద్దు, పదకొండింటికే నీరు కారి అన్నం తడిసిపోతుంది. తోటకూర వేపుడు, బెండకాయ వేపుడు బాగుంటాయి. గోంగూర కలిపిన అన్నం అన్నిటికంటే భద్రం, పులుపుకి మధ్యాహ్నం దాకా చెడదు. మూత తియ్యగానే పక్కవాళ్లు చెయ్యి పెడతారు, అది లెక్కేసుకుని ఇంకాస్త ఎక్కువ పెట్టుకోండి.

బాల్కనీలో కాస్త ఎండ పడే చోటుంటే ఒక పాత బకెట్‌కి అడుగున చిల్లులు పెట్టి మట్టి పొయ్యండి. కూరకి తెచ్చిన బచ్చలిలో ముదురు కాడ ఒకటి జానెడు కోసి గుచ్చితే వేళ్లూనుతుంది. మాది కిటికీ ఊచలకి అల్లుకుని, రెండు నెలల్లో ఆ వైపు వెలుతురే రానివ్వలేదు. చేతిలో డబ్బు అయిపోయే నెలాఖరు రోజుల్లో మేం మార్కెట్‌కి వెళ్లేవాళ్లం కాదు. ఒకడు పప్పు పొయ్యి మీద పెడితే, ఇంకొకడు కిటికీ దగ్గరికి వెళ్లి పది ఆకులు తెంపుకొచ్చేవాడు.